నోరు విప్పవలసినది విద్యార్థియే

అమెరికా దేశమున ఒక బాలునకు అక్షరములు పట్టుబడుట లేదని అనుమానము తోచినచో, అతనిని వెదకి గుర్తించి, ఖర్చు లేకుండ పరీక్షించి, అతనికి తగిన బోధనాక్రమమును వ్రాతమూలకముగ నిర్ణయించి, ఏటేట దానిని సరిచూచు భారము ప్రభుత్వ పాఠశాలదే. 1975లో పుట్టి 1990లో నేటి పేరు దాల్చిన విద్యాశాసనము ఈ భారమును పాఠశాలపై మోపినది. బల్లకు ఒకవైపున తలిదండ్రులు, మఱియొకవైపున ఉపాధ్యాయులు, మనశ్శాస్త్రజ్ఞుడు కూర్చుండి ఆ బాలుని కొఱకు మాటలాడుదురు. బాలుడు పెదవి కదపకున్నను పని జరిగిపోవును. అట్లు ఏండ్లు గడచిన పిమ్మట ఒక వేసవిలో ఉన్నత పాఠశాల పట్టా అతని చేతికి వచ్చును. ఆ దినముతో ఆ శాసనము అతనిని విడిచిపెట్టును. రెండు మూడు మాసములలో అతడు కళాశాల వాకిట నిలుచునప్పటికి అతని కష్టమును ఎఱిగినవారు అచ్చట ఒక్కరును ఉండరు, అడుగువారును ఉండరు. ప్రవేశమునకు ముందు వైకల్యమును గూర్చి ప్రశ్నింపరాదని కళాశాలలను చట్టమే నిషేధించుచున్నది.

ఈ అగడ్తను దాటించుటకై అచ్చటి కళాశాలలు కొన్ని ప్రత్యేక సహాయశాఖలను నెలకొల్పినవి. వానిలో చేరుటకు కళాశాల ప్రవేశపు దరఖాస్తు చాలదు. వేఱొక దరఖాస్తు కావలయును. ఆ రెండవ దరఖాస్తును గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలు ఆ కళాశాలలలో చదువుచున్నారు. హైదరాబాదునుండియు విజయవాడనుండియు ఏటేట విమానమెక్కువారును కలరు. వారిలో ఈ కష్టము గలవారు ఉండకపోరు. అయినను మన యిండ్లలో ఈ మాట వినబడుట అరుదు. దీనిని కేవలము కాగితపు వ్యవహారముగ నెంచి తండ్రియో తల్లియో కూర్చుండి పూర్తిచేసి పంపుట కలదు. అది మాకు సమ్మతము గాదు. తనకేమి కష్టమో, దానికేమి కావలయునో ఒక పదునెనిమిదేండ్ల యువకుడు తన నోట తాను తొలిసారి చెప్పు సందర్భమది.

ముందుగ కష్టమెట్టిదో చెప్పవలెను. 1896లో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్ల వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నలునందు ఒక పదునాలుగేండ్ల బాలుని వృత్తాంతమును ప్రకటించెను. బాలుడు చుఱుకైనవాడు, ఆటలలో తోటివారికి తీసిపోనివాడు, లెక్కలలో గట్టివాడు. కాని చిన్న చిన్న మాటలను సైతము చదువలేకపోయెను. తన పేరునే అక్షరములు తాఱుమాఱు చేసి వ్రాసెను. పాఠమంతయు నోటిమాటగ చెప్పినచో బడిలో వానిని మించినవాడు ఉండడని వాని ఉపాధ్యాయుడే అనెనట. నేడు డిస్లెక్సియా అని వ్యవహరించు పఠనవైకల్యమును వైద్యులు బాలునియందు వర్ణించిన తొలి వృత్తాంతములలో ఇది యొకటి. చేతివ్రాతకు సంబంధించిన డిస్గ్రాఫియా, అంకెలకు సంబంధించిన డిస్కాల్కులియా దీనికి తోబుట్టువులు. వీనినన్నిటిని కలిపి అధ్యయన వైకల్యములని పేర్కొను వాడుక 1963లో షికాగో నగరమున తలిదండ్రుల సభలో శామ్యూల్ కిర్క్ అను ఆచార్యుడు మాటలాడిన పిమ్మట వ్యాపించెను. బుద్ధిమాంద్యము వేఱు, ఇది వేఱు. ఈ భేదము నూఱేండ్లకు పైగ గ్రంథములలో నున్నను, "మొద్దు" అను మాట మన బడులనుండి ఇంకను పోలేదు.

కళాశాలలలో ఇట్టివారికి దొరకిన హక్కు ఊరక రాలేదు. 1973నాటి పునరావాస శాసనమునందలి 504వ విభాగము, ప్రభుత్వధనము పుచ్చుకొను ఏ సంస్థయు వైకల్యకారణమున ఎవరిని వెలివేయరాదని శాసించినది. శాసనము కాగితముపై నుండెను. దానిని అమలు జరుపు నిబంధనలపై సంతకము పెట్టుటకు ప్రభుత్వము నాలుగేండ్లు తాత్సారము చేసెను. తుదకు 1977 ఏప్రిల్ మాసములో జూడీ హ్యూమన్ మొదలగువారి నాయకత్వమున వికలాంగులు శాన్ ఫ్రాన్సిస్కోలోని ప్రభుత్వ కార్యాలయమును ప్రవేశించి మూడు వారములకు పైగ అచ్చటనే బైఠాయించిరి. చక్రాల కుర్చీలలో నున్నవారు, చూపు లేనివారు, వినికిడి లేనివారు కఠినమైన నేలపై నిద్రించిరి. ఏప్రిల్ 28న సంతకమైనది. సత్యాగ్రహ మార్గమును ఎఱిగిన మన పాఠకులకు ఈ కథను విస్తరించి చెప్ప నక్కఱలేదు. 1990నాటి వికలాంగుల శాసనము ఈ హక్కును ప్రైవేటు సంస్థలకును విస్తరింపజేసెను. న్యాయస్థానములు దాని అర్థమును కుదించివైచుచుండగా 2008లో సవరణ తెచ్చి మరల విశాలము గావించిరి.

ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని పాఠశాలలోని హక్కునకు, కళాశాలలోని హక్కునకు స్వభావమునందే భేదము కలదు. పాఠశాల బాలునికి విద్య వచ్చునట్లు చూడవలెను. కళాశాల అవకాశము మాత్రమే కల్పించును, అదియు అడిగినవానికే. పరీక్షలో అదనపు కాలము, ప్రశాంతమైన వేఱు గది, తరగతిలో వ్రాసికొనుటకు సహాయము, చెవితో వినదగిన పాఠ్యపుస్తకములు, ఇవన్నియు వైకల్యసేవా కార్యాలయమున అడిగి, తగిన ఆధారము చూపినవారికి రుసుము లేకుండ ఇయ్యవలసినవి. (వినుపుస్తకముల కథ వినదగినది. యుద్ధములో చూపు కోల్పోయిన సైనికులు కళాశాలలకు పోవుచుండగా వారికి పాఠములు చదివి వినిపించుటకై 1948లో న్యూయార్కు గ్రంథాలయమున కొందఱు స్త్రీలు ఆరంభించిన పని అది. అంధులకై పుట్టిన ఆ సంస్థయే క్రమముగ డిస్లెక్సియా గలవారికిని ఆధారమైనది.) అడుగనివానికి ఏమియు రాదు. పరీక్ష తప్పిన పిమ్మట అడిగినచో జరిగిన పరీక్షను తిరిగి పెట్టరు.

మఱి అడుగుచున్నవారెందఱు? అమెరికా విద్యాశాఖ పక్షమున జరిగి 2011లో ప్రకటింపబడిన దీర్ఘకాల పరిశీలనలో తేలిన అంకెలివి. పాఠశాలలో ఏదో యొక వైకల్యము కలదని గుర్తింపబడి, తరువాత పైచదువులకు పోయినవారిలో నూటికి 63 మంది తమకు వైకల్యమే లేదని చెప్పిరి. 28 మంది మాత్రమే తమ విద్యాసంస్థకు ఆ సంగతి తెలిపిరి. మిగిలిన తొమ్మండుగురు తమకు వైకల్యమున్నదని ఎఱిగియు నోరు విప్పలేదు. ఏదైన సౌకర్యము పొందినవారు నూటికి 19 మంది. ఇవి అన్నివిధముల వైకల్యములను కలిపి చెప్పిన లెక్కలు. కంటికి కానరాని వైకల్యమును దాచిపెట్టుట సుళువు గనుక, అక్షరములతో బాధపడువారు ఈ మౌనులలో తఱచుగ చేరుచుండిరనుట ఊహింపదగినదే. పదునెనిమిదేండ్ల వయస్సున క్రొత్త యూరిలో, క్రొత్త మిత్రులలో, పాత ముద్రను తుడిచివైచుకొని బ్రదుకవలెనను కోరిక సహజమైనది. దానిని మేము నిందింపము. కాని మొదటి అర్ధసంవత్సరము ముగియునప్పటికి ఆ కోరికకు చెల్లింపవలసిన మూల్యము పట్టికలోని మార్కులలో కానవచ్చును.

ఇక సహాయశాఖల విషయము. మసాచుసెట్సు రాష్ట్రమున మిల్టన్‌లోని కర్రీ కళాశాల 1970లోనే, అనగా పైని చెప్పిన శాసనములేవియు లేని కాలముననే, ఇట్టి శాఖను తెఱచెను. టూసాన్‌లోని అరిజోనా విశ్వవిద్యాలయము 1980లో సాల్ట్ అను పేర నొక కేంద్రమును స్థాపించెను. 1985లో వెర్మాంటు రాష్ట్రమున పట్నీ యను చిన్న యూర తెఱచిన లాండ్‌మార్క్ కళాశాల మఱింత ముందునకు పోయి, డిస్లెక్సియా గలవారి కొఱకే కళాశాల యంతయు నడపెను. ఇట్టివి నేడు పెక్కు కలవు. ఇచ్చట జరుగు పని పరీక్షలో అదనపు గంట ఇచ్చుటవంటిది గాదు. శిక్షణ పొందిన యొక నిపుణుడు విద్యార్థిని క్రమము తప్పక కలిసికొని, వారములోని చదువును దినములకు పంచుకొనుట ఎట్లు, నలువది పుటల అధ్యాయములో ఏది ముందు చదువవలెను, వ్యాసము వ్రాయుటకు ముందు తలపులను నోటితో చెప్పి వరుసపెట్టుట ఎట్లు అను విషయములను నేర్పును. విషయమువారీ బోధకులును ఉందురు. ఇంత వ్యక్తిగతమైన సేవను చట్టము కళాశాలపై విధింపలేదు. కనుకనే పెక్కుచోట్ల దీనికి వేఱుగ రుసుము, వేఱుగ దరఖాస్తు, పరిమితమైన స్థానములు.

ఇచ్చట కుటుంబములు పొరపడు చోటొకటి కలదు. సహాయశాఖలో స్థానము దొరకినంత మాత్రమున పరీక్షలలో అదనపు కాలము దానంతటది రాదు. అరిజోనాలోనే చూడుడు: సాల్ట్ కేంద్రము వేఱు, వైకల్యసేవా కార్యాలయము వేఱు. మొదటిదానికి రుసుము కలదు, రెండవదానికి లేదు. మొదటిదానిలో చేరి రెండవదాని గడప త్రొక్కని విద్యార్థి, సొమ్ము చెల్లించియు ఉచితముగ రావలసిన హక్కును పోగొట్టుకొనును. అట్లే విశ్వవిద్యాలయ ప్రవేశము దొరకుటచే శాఖలో స్థానము దొరకినట్లును గాదు. ఉన్నత పాఠశాల చివరి సంవత్సరపు ఆరంభముననే ఈ మూడు తలుపులను వేఱువేఱుగ తట్టవలెను.

దరఖాస్తుతో సాధారణముగ కోరబడు ప్రధానమైన కాగితము నిపుణుని పరీక్షానివేదిక. బుద్ధిశక్తిని, చదువు, వ్రాత, లెక్కలలోని సామర్థ్యమును వేఱువేఱుగ కొలిచి, అంకెలతో సహ వివరించిన నివేదిక అది. ఎనిమిదేండ్ల వయస్సున జరిపిన పరీక్ష పదునెనిమిదేండ్లవానిని గూర్చి చెప్పునది కొంచెము. అందుచే ఇటీవలి పరీక్షను, పదునాఱేండ్లు దాటినవారికై కూర్చిన వెక్స్‌లర్ పెద్దల పరీక్షవంటి దానిని, కోరుట వాడుక. పాఠశాలవారి బోధనాపత్రము ఒక్కటే చాలదని చెప్పు కళాశాలలు పెక్కు. పట్టా పుచ్చుకొని పోవు విద్యార్థికి అతని సామర్థ్యమును, అతనికి ఉపకరించిన సహాయములను సంగ్రహించి యొక పత్రము నీయవలెనని 2004నాటి విద్యాశాసన సవరణము పాఠశాలను ఆదేశించుచున్నది. దానిని అడిగి పుచ్చుకొనుట మఱువరాదు. కాని కళాశాల కొఱకై క్రొత్త పరీక్ష జరిపి ఇయ్యవలసిన బాధ్యత పాఠశాలకు లేదు. ప్రైవేటు నిపుణునివద్ద అది కొన్నివేల డాలర్ల వ్యవహారము. చదువు ముగియకముందే, మూడేండ్లకొకసారి పాఠశాల జరుపవలసిన పునఃపరీక్ష గడువు ఎప్పుడు వచ్చునో చూచికొని, అది చివరి రెండేండ్లలో పడునట్లు అడుగు తలిదండ్రులు వివేకవంతులు.

నివేదికకంటె మాకు ముఖ్యమని తోచునది విద్యార్థి స్వయముగ వ్రాయు వాఙ్మూలము. పెక్కు శాఖలు దీనిని కోరును; కొన్ని ముఖాముఖి మాటలాడి తెలిసికొనును. ఉన్నత విద్యాసంస్థలలోని వైకల్యసేవల ఉద్యోగుల సంఘము 2012లో ప్రకటించిన మార్గదర్శక సూత్రములు సైతము విద్యార్థి తన అనుభవమును గూర్చి తాను చెప్పుకొనునదియే ప్రథమమైన ఆధారమని చెప్పినవి. ఆ వాఙ్మూలములో తండ్రిగారి ఆంగ్లము కనబడినచో, చదువువారు దానిని రెండవ వాక్యముననే పసిగట్టుదురు. "నేను కష్టపడి పనిచేయు స్వభావము గలవాడను, ప్రతి ఆటంకమును అవకాశముగ మార్చుకొందును" అని వ్రాసిన కాగితమువలన ఎవ్వరికి నేమి తెలియును? "నా స్నేహితుడు గంటలో చదువు అధ్యాయము నాకు మూడు గంటలు పట్టును. విన్నది మఱవను. పదవ తరగతిలో చరిత్రను వినుపుస్తకముతో చదివితిని, అప్పుడు బాగుగ వచ్చినది. రసాయనశాస్త్రములో అది లేక చెడితిని. గడువులను మఱచుట నా పెద్ద దోషము" అని వ్రాసినచో, ఆ నాలుగు వాక్యములతో నిపుణునికి చేతినిండ పని దొరకును. వ్యాకరణము తప్పినను ఫరవాలేదు. అక్షరదోషములు లేని కాగితమును డిస్లెక్సియా గలవానినుండి ఆశించుట చిత్రమే గదా!

తలిదండ్రులు ప్రక్కకు తొలగవలసిన కారణము మఱియొకటియు కలదు. 1974నాటి శాసనము ననుసరించి, పైచదువులో చేరిన విద్యార్థి కాగితములపై అధికారము తలిదండ్రులనుండి విద్యార్థికి సంక్రమించును. అతని అనుమతి లేనిదే కళాశాలవారు సాధారణముగ తల్లితో మార్కులను గూర్చియైనను మాటలాడరు. అక్టోబరు మాసములో సౌకర్యము అందలేదని అధ్యాపకునికి చెప్పవలసినవాడు ఆ విద్యార్థియే. ఆ మాట ఎట్లు ఆరంభింపవలెనో దరఖాస్తు వ్రాయునప్పుడే అతడు నేర్చుకొనును. తల్లి వ్రాసి పంపిన దరఖాస్తుతో లోన ప్రవేశించినవాడు ఆ దినమున మూగవాడగును.

ఇట్లు అడిగినవారిని అనుమానించువారు లేకపోలేదు. బోస్టన్ విశ్వవిద్యాలయమున 1990వ దశకమున అధ్యయన వైకల్యము గలవారికి పేరుపొందిన సహాయకార్యాలయముండెను. దాని పెంపును చూచి సహింపని జాన్ వెస్ట్‌లింగ్ అను అధికారి, 1995లో ఒక ఉపన్యాసమున "నిద్రాళువు సమంతా" యను విద్యార్థినిని గూర్చి చెప్పెను. ఆమె వైద్యపత్రము పట్టుకొని వచ్చి, ముందు వరుసలో చోటును, అదనపు కాలమును కోరి, పాఠమునడుమ తాను నిద్రపోయినచో తప్పిపోయిన దానిని అధ్యాపకుడే చెప్పవలెనని కోరినదట. శ్రోతలు నవ్వియుందురు. పిమ్మట ఆయన ఆ విశ్వవిద్యాలయమునకే అధ్యక్షుడయ్యెను. నిబంధనలు బిగిసెను: మూడేండ్లకొకసారి తిరిగి పరీక్ష, పరీక్షించువారికి హెచ్చు బిరుదులు, పరభాషాపాఠమునకు బదులు వేఱు పాఠము నీయుట నిషేధము. విద్యార్థులు న్యాయస్థానమున కెక్కిరి. 1997లో విచారణ జరుగగా, సమంతా యను విద్యార్థిని యెన్నడును లేదనియు ఆమె తన కల్పనయే ననియు అధ్యక్షుడు ఒప్పుకొనవలసివచ్చెను.

న్యాయమూర్తి పాటీ సారిస్ ఆగస్టులో నిచ్చిన తీర్పు రెండువైపుల పదునుగలది. మాటిమాటికి పరీక్షలు జరిపించుకొమ్మనుట, ఇదివఱకే పరీక్ష పొందినవారిని పరీక్షకుని బిరుదులు చాలవని త్రోసివేయుట చట్టవిరుద్ధములని, ఆధారములేని దురభిప్రాయములు ఆ నిబంధనలకు ప్రేరకములైనవని ఆమె తేల్చెను. ఆఱుగురు విద్యార్థులకు సుమారు 30,000 డాలర్ల నష్టపరిహారము వచ్చెను. పరభాష విషయములో మాత్రము విశ్వవిద్యాలయము తన అధ్యాపకులచే సావధానముగ విచారణ చేయించవలెననెను. వారు విచారించి పరభాష తమ విద్యకు మూలాంగమని చెప్పగా, 1998లో ఆ నిర్ణయమును న్యాయస్థానము అంగీకరించెను. చదువుయొక్క సారమును మార్చుమని కోరు హక్కు విద్యార్థికి లేదు. సారమేదియో ఆలోచింపక, కట్టుకథనుబట్టి తలుపు మూయు హక్కు కళాశాలకును లేదు. ఈ తీర్పు మాకు న్యాయముగనే తోచుచున్నది. అయితే, ఆనాడు గెలిచిన విద్యార్థులకు చదువుకొనవలసిన దినములలో ఎన్ని న్యాయవాదుల గదులలో గడచెనో ఎవరు లెక్కింతురు?

రుసుమును గూర్చి మా మనస్సులోని మాట చెప్పకుండ పోలేము. ఇట్టి శాఖలలో సంవత్సరమునకు కొన్నివేల డాలర్లు, చదువు జీతమునకు పైగ, చెల్లింపవలసి యుండుట సాధారణము. పరీక్షకు కొన్నివేలు, శాఖకు కొన్నివేలు. కొన్ని కేంద్రములు కొందఱికి ఉపకారవేతనముల నిచ్చుచున్నవి, నిజమే. కాని అక్షరములతో బాధపడు బీదబాలుడును ధనికబాలుడును ఒకే చట్టముక్రింద ఒకే తరగతిలో కూర్చున్నప్పుడు, ఒకనికి ప్రక్కన నిపుణుడును రెండవవానికి అదనపు గంటయు మాత్రమే ఉండుట సమానావకాశమని పిలువ మాకు నోరు రాదు. ప్రజాధనముతో నడచు విశ్వవిద్యాలయములైనను ఈ సేవను రుసుము లేకుండ ఇయ్యవలెనని మా అభిప్రాయము. అంతవఱకు కుటుంబములు ఒక పని చేయవచ్చును. రుసుము చెల్లించుటకు ముందు ఆ శాఖవారిని సూటిగ ప్రశ్నింపవలెను. వారమునకు ఎన్నిసార్లు, ఎంతసేపు కలిసికొందురు? కలిసికొనువారు శిక్షణ పొందిన నిపుణులా, పై తరగతి విద్యార్థులా? మొదటి సంవత్సరము తరువాత సహాయము తగ్గించుకొనవచ్చునా? చేరినవారిలో ఎందఱు పట్టా పుచ్చుకొనిరి? అందఱికిని ఉచితముగ తెఱచియుండు వ్రాతకేంద్రము, లెక్కలకేంద్రము ఆ కళాశాలలో ఎట్లున్నవి? ఈ చివరి ప్రశ్నకు మంచి సమాధానము వచ్చినచో సొమ్ము మిగులుటయు కలదు.

మన తెలుగు ఇండ్లలో అడ్డు రుసుము గాదు. "ఇవన్నీ ఎందుకురా వ్రాయడం? నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు?" అను తండ్రి మాటయే అడ్డు. రేపు వైద్యవిద్యకో న్యాయవిద్యకో పోవునప్పుడు ఈ ముద్ర వెంటబడునని వారి భయము. ఈ భయమునకు ఒకప్పుడు ఆధారముండెను. అదనపు కాలముతో వ్రాసిన పరీక్ష మార్కులపై గుర్తు పెట్టి పంపు ఆచారము శాట్ పరీక్షలో 2003 వఱకును, న్యాయవిద్యా ప్రవేశపరీక్షలో 2014 వఱకును ఉండెను. రెండును పోయినవి. కళాశాల ఇచ్చు పట్టాపై సహాయశాఖ పేరుగాని, అదనపు గంట మాటగాని ఉండదు. తోటి విద్యార్థి ఎదుట చెప్పుకొనుటయు మానుటయు ఆ విద్యార్థి ఇష్టము.

స్వదేశమున సంగతి యేమి? 1995నాటి మన వికలాంగుల శాసనమున అధ్యయన వైకల్యమునకు చోటే లేదు. 2016నాటి శాసనము వైకల్యములను ఏడింటినుండి ఇరువదియొకటికి పెంచుచు దీనిని చేర్చెను. పరీక్షలో అదనపు కాలము, వ్రాయుటకు సహాయకుడు, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు అందులో పేర్కొనబడినవి. బోస్టన్ విద్యార్థులు న్యాయస్థానమునకెక్కియు పొందలేని భాషామినహాయింపు మన శాసనపుటలలోనే యున్నది! నూటికి నలువదికి తక్కువగాని వైకల్యము గలవారికి ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలో నూటికి అయిదు స్థానములును ప్రత్యేకింపబడినవి. కాని 2021లో వైద్యప్రవేశపరీక్షకు కూర్చున్న డిస్గ్రాఫియా గల యొక విద్యార్థినికి రావలసిన అదనపు గంటను పరీక్షాకేంద్రమువారు ఈయలేదు. సర్వోన్నత న్యాయస్థానము ఆ యేడు నవంబరు 23న తీర్పు చెప్పుచు, పరీక్షను తిరిగి పెట్టుమనలేదుగాని, జరిగిన అన్యాయమును సరిదిద్దు మార్గమును వారములోపల ఆలోచింపుమని పరీక్షాసంస్థను ఆదేశించెను. మన కళాశాలలలో హక్కు పుస్తకమున కలదు. ఆ హక్కును పట్టుకొని పాఠమునకు కూర్చుండబెట్టు నిపుణుడు మాత్రము దుర్లభుడు. అమెరికా శాఖలవంటి శాఖలు ఇచ్చట కావలయునా యని అడిగినచో, కావలయును, రుసుము లేకుండ కావలయునని మా సమాధానము.

మన పిల్లల విషయమున గుర్తింపు ఆలస్యమగుటకు భాషయు ఒక కారణమేమో. ఇంగ్లీషున వ్రాత యొకటి, పలుకు వేఱొకటి. తెలుగున వ్రాసినట్లే చదువుదుము. జర్మను, ఇటాలియను వంటి వ్రాసినట్లు చదువు భాషలలో ఈ వైకల్యము తప్పులకంటె మందగతిగ కనబడునని పరిశోధకులు గమనించిరి. మన బడిలోను తప్పు లేకుండ, కాని మెల్లగ, చదువు పిల్లవానిని "నిదానస్తుడు" అని వదలివైచెదరు. వాడే ఇంగ్లీషు మాధ్యమమున పడినప్పుడు "శ్రద్ధ లేదు" అందురు.

హైదరాబాదునుండియో గుంటూరునుండియో అమెరికా కళాశాలకు పోవు విద్యార్థికి ఇట్టి కష్టమున్నచో, చేయవలసినవి ఇచ్చటనే చేసికొని పోవుట మేలు. అర్హుడైన మనశ్శాస్త్రజ్ఞునిచే పరీక్ష పొంది, పరీక్షల పేర్లు, వచ్చిన అంకెలు, ఏ సౌకర్యము ఎందులకు అవసరమో ఆంగ్లమున వివరించిన నివేదికను సంతకముతో పుచ్చుకొనవలెను. మనవైపు ఇచ్చు వైకల్య ధ్రువపత్రమున శాతము మొదలగు సంగ్రహవివరములే యుండును. అది ఆ కళాశాలలకు చాలదు. చిన్ననాటి బడి కాగితములు, పరీక్షలలో సౌకర్యము పొందిన ఉత్తర్వులు ఉన్నచో జతపఱచవలెను. ప్రవేశము స్థిరపడిన వారముననే వైకల్యసేవా కార్యాలయమునకు ఉత్తరము వ్రాయవలెను. వీసా కాగితములున్న సంచిలోనే ఈ నివేదికయొక్క రెండు ప్రతులు పెట్టుకొనుట మఱువరాదు.